బరువు ఎరిగిన చేతులు

పనితనం అనగానే అందరూ దెబ్బను మెచ్చుకుంటారు. నన్నడిగితే అసలు పనితనమంతా దెబ్బకు ముందే అయిపోతుంది. బ్రెజిల్ ఈశాన్యాన పియావీ రాష్ట్రంలోని ఫజెండా బోవా విస్టాలో గడ్డం కపుచిన్ కోతులు కాయలు కొట్టుకు తినే తీరు తెలిసినవాళ్లెవరూ నాతో వాదించరు.

ఆడకోతి బరువు రెండు కిలోలు, మగది మహా అయితే నాలుగు. అది ఎత్తే రాయి కిలో తూగుతుంది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే. వెనక కాళ్ల మీద నిటారుగా నిలబడి, రెండు చేతులా రాయిని తల దాకా లేపి, ఒంటి బలమంతా కలిపి కిందికి దింపుతుంది. కింద ఉన్నది పియసావా కాయ. మన తాటి కుటుంబానిదే, పెంకు మాత్రం మహా మొండిది. ఆరితేరిన కోతి వంద దెబ్బల్లో 15 కాయల దాకా పగలగొట్టింది. చేయి తిరగనిదానికి ఒక్కో కాయకు 75 దెబ్బలు పైనే పట్టాయి. ఒకే రాయి, ఒకే కాయ, ఇంత తేడా! అక్కడి పరిశోధకులు కోతులకు మాన్సిన్యో, జతొబా, చుచు అంటూ పేర్లు పెట్టుకున్నారు. ఉస్తాదులకు పేర్లు ఉండాల్సిందే కదా.

ఇక ఎంపిక సంగతి. అక్కడ దొరికే ఇసుకరాయి దెబ్బకు పొడైపోతుంది. పనికొచ్చే గట్టి గుండ్రాళ్లు అరుదు, వాటిని మోసుకుని రావాలి. ఎలిసబెత్తా విజల్‌బెర్గి బృందం 2009లో ప్రచురించిన పరీక్షలో కోతుల ముందు కృత్రిమ రాళ్లు పెట్టింది. చూడ్డానికి పెద్దదేమో తేలిక, చిన్నదేమో బరువు. కళ్లను నమ్ముకుంటే మోసపోవాల్సిందే. అవి మోసపోలేదు. కొబ్బరికాయ కొనేటప్పుడు మనం తట్టి చూసినట్టు రాళ్లను వేళ్లతో తట్టి, కదిపి, బరువైనదే పట్టుకున్నాయి. ఇంకో పరీక్షలో ఆకారం, పరిమాణం అన్నీ ఒకటే, బరువులో మాత్రం 1.3 రెట్లు తేడా. అదీ పట్టేశాయి. ఈ విద్యకు తరాజు అక్కర్లేదు.

కాయను దాగలి మీద పెట్టడంలోనూ ఒడుపుంది. దాగలి అంటే ఇక్కడ బండరాయో, పడిపోయిన చెట్టు మొద్దో. తరతరాల దెబ్బలకు వాటిలో గుంటలు పడి ఉంటాయి. కోతి కాయను గుంటలో రెండు మూడుసార్లు తట్టి, చదునైన వైపు కిందికి వచ్చేలా తిప్పి, కదలకుండా కుదిరాకే చేయి తీస్తుంది. కళ్లకు గంతలు కట్టిన మనుషులకు అదే పని అప్పగిస్తే వాళ్లూ అలాగే చేశారట. మరి దెబ్బ? అదీ ఎడాపెడా బాదుడు కాదు. పెంకు బీటవారిందా లేదా అన్నదాన్ని బట్టి తర్వాతి దెబ్బ జోరు మారుతుంది. లేకపోతే లోపలి పప్పు నుజ్జవుతుంది. మొదటిసారి ఈ సంగతి చదివినప్పుడు లేచి నిలబడి చప్పట్లు కొట్టాలనిపించింది. అతిశయమనుకుంటే అనుకోండి.

చరిత్ర సంగతి రెండు ముక్కల్లో. కోతులు రాళ్లతో కాయలు కొడతాయని 16వ శతాబ్దంలోనే ఒవియెదో అనే స్పానిష్ చరిత్రకారుడు రాశాడంటారు. అదే పియావీలోని సెర్రా ద కపివారాలో తవ్వితే మూడు వేల ఏళ్ల నాటి కోతి పనిముట్లు బయటపడ్డాయని 2019లో తేల్చారు. కాలాన్ని బట్టి రాళ్ల పరిమాణం మారింది, బహుశా కొట్టే కాయలు మారడం వల్ల. ఇప్పుడక్కడ ఎక్కువగా కొట్టేది జీడిపిక్కల్ని. పచ్చి పిక్కకు బరువు రాయి, ఎండిన పిక్కకు చిన్న రాయి. జీడి చెట్టును పోర్చుగీసువాళ్లు మన దేశానికి తెచ్చింది బ్రెజిల్ నుంచే. పెంకులోని జీడి తగిలితే చేయి ఎలా పొక్కుతుందో పలాసలో పిక్క కొట్టే ఆడవాళ్లను అడగండి, ఆ కోతుల పనికి విలువ కట్టగలిగేది వాళ్లే.

చింపాంజీల అభిమానులు నా మీద కోప్పడినా సరే, ఒక మాట అంటాను. 1960లో గోంబేలో జేన్ గుడాల్ చూసిన, చింపాంజీలు పుల్లలతో చెదలు తీసే పని గొప్పదే, కాదనను. కానీ చింపాంజీ మనిషికి దగ్గరి చుట్టం, దిట్టమైన ఒళ్లు గలది. తన బరువులో సగం ఉన్న రాయిని ఎత్తి కొట్టే కపుచిన్‌కు దక్కాల్సిన కీర్తిలో సగం కూడా దక్కలేదు.

ఈ పని ఒక్క రోజులో రాదు. పిల్ల కోతులు పెద్దల దగ్గర చేరి, రాలిన పప్పు ముక్కలు ఏరుకు తింటూ, ఉత్తుత్తి దెబ్బలు వేస్తూ ఏళ్ల తరబడి నేర్చుకుంటాయి. పెద్దలు తరిమికొట్టవు. అందుకే గుంపు చెదిరితే విద్యా చెదురుతుంది. పియావీలోని సెరాదో మైదానాలను సోయా పొలాలు తినేస్తున్నాయి. ముప్పు బ్రెజిల్‌లోనే కాదు. థాయ్‌లాండ్ లెమ్‌సోన్ జాతీయవనంలోని దీవుల్లో మొనదేలిన రాయితో ఆల్చిప్పల్ని ఒడుపుగా చెక్కి తెరిచే పొడుగుతోక కోతులున్నాయి. మనుషుల వెంట వచ్చిన కుక్కలు వాటిని తీరంలో నిలవనివ్వడం లేదు.

ఇక నకిలీ పనితనం మాటెత్తితే నాకు ఒళ్లు మండుతుంది. అదే థాయ్‌లాండ్‌లో పందితోక కోతుల మెడకు తాడు కట్టి కొబ్బరికాయలు దింపిస్తారు, పర్యాటకులు చూసి 'ఎంత తెలివో' అంటారు. అందులో కోతి ఎంచుకున్నదేముంది? చొక్కాలు తొడిగి ఫోన్ వీడియోల్లో గంతులేయించేవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. మన శ్రీశైలం ఘాట్‌లో కారద్దం దించి బిస్కెట్లు విసిరేవాళ్లు పుణ్యమనుకుంటున్నారు. అడవిలో ఏది తినాలో, ఎలా తీయాలో పిల్లకు తల్లి దగ్గర తెలియాలి. రోడ్డు పక్కన అది నేర్చుకునేది చేయి చాపడం ఒక్కటే. దయచేసి అద్దం ఎత్తండి.

మన దేశంలోనూ ఉస్తాదులు లేకపోలేదు. గ్రేట్ నికోబార్ తీరపు అడవుల్లో ఉండే పొడుగుతోక కోతులు తినేదాన్ని ఆకుల్లో చుట్టి రుద్ది శుభ్రం చేసుకుంటాయి, సన్నటి పీచులాంటి వాటితో పళ్ల సందులు శుభ్రం చేసుకుంటాయి. ఆ దీవిలోని గలథియా అఖాతంలో భారీ నౌకాశ్రయానికి 2022లో పర్యావరణ అనుమతి ఇచ్చేశారు. ఆ తీరం పోతే వాటి పని చూసి మెచ్చుకునే భాగ్యం మన పిల్లలకు ఎవరిస్తారు? బ్రెజిల్ కోతుల గురించి ఇంత మురిసిపోయే నాలాంటివాళ్లం ముందు నికోబార్ గురించి నోరు విప్పాలి.