ఊరి పాటలో ఊరి కష్టం

ఊరి ఉత్సవానికి పాట రాయమని అడిగేవాళ్లు ముందుగా చేతిలో ఒక జాబితా పెడతారు. కోట, గుడి, చెరువుగట్టు, కొత్త ఫ్లైఓవర్. అన్నీ పాటలో రావాలి, వీడియోలో డ్రోన్ మీంచి కనపడాలి. అలాంటి జాబితా అందినప్పుడల్లా నేను ‘ఎంపైర్ స్టేట్ ఆఫ్ మైండ్’ పెట్టుకుని వింటాను. న్యూయార్క్ మీద ర్యాపర్ జే-జీ, గాయని అలీషియా కీస్ కలిసి పాడగా 2009లో వచ్చిన పాట అది. ఊరి మీద పాట కట్టేవాళ్లకు దాన్ని మించిన పాఠం నాకు తెలియదు.

ఆ పాటకు బీజం పడింది లండన్‌లో. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పెరిగిన పాటల రచయిత్రి ఏంజెలా హంట్, ఆమె తోటి రచయిత్రి అక్కడ ఉండగా ఇద్దరికీ ఇంటి మీద బెంగ పుట్టింది. పల్లవి ఆ బెంగలోంచే వచ్చింది. బాణీ కట్టిన అల్ షక్స్ బ్రిటన్‌వాడు. ‘ద మూమెంట్స్’ బృందం పాడగా 1970లో సింగిల్‌గా వచ్చిన ఒక ప్రేమపాటలోని ముక్కను తీసుకుని దాని మీద అల్లాడు. పాట జే-జీకి చేరాక, ఆయన పల్లవిని ఉంచుకుని చరణాలను తన బతుకుతో నింపాడు.

నాకు ఎక్కువ ఇష్టం ఆ చరణాలే. జే-జీ పెరిగింది బ్రూక్లిన్‌లోని మార్సీ హౌసెస్ అనే ప్రభుత్వ గృహ సముదాయంలో. పాటలో ఆయన తానున్న పేటల పేర్లు చెబుతాడు. 560 స్టేట్ స్ట్రీట్ అని ఇంటి చిరునామా కూడా చెబుతాడు. మత్తుమందులు అమ్మిన రోజులను దాచుకోడు. మూడో చరణంలో, నగరానికి వచ్చి అక్కడి వెలుగుల్లో దారి తప్పే అమ్మాయిల సంగతి హెచ్చరికగా వినిపిస్తాడు. దాని తర్వాత అలీషియా గొంతు పైస్థాయికి లేచి పల్లవి అందుకుంటుంది. చరణంలో చేదు విన్నాం కనుక పల్లవిలోని ఆశను నమ్ముతాం.

వీడియో తీసిన హైప్ విలియమ్స్‌కు కూడా ఈ సంగతి తెలుసు. రంగుల దీపాలకు పేరుపడ్డ టైమ్స్ స్క్వేర్‌లో పాడించి, దాన్ని నలుపు తెలుపుల్లో చూపించాడు. రంగు పోయేసరికి బోర్డుల ఆర్భాటం తగ్గింది. పియానో ముందు కూర్చున్న గాయని, వీధులు, ముఖాలు మనసుకు దగ్గరగా వచ్చాయి.

నగరం ఆ పాటను తనదిగా తీసుకుంది. 2009 వరల్డ్ సిరీస్ బేస్‌బాల్ పోటీలప్పుడు యాంకీ స్టేడియంలో ఇద్దరూ దాన్ని పాడారు. అమెరికా పాటల జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లో ఆ పాట అయిదు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. 2011లో రెండు గ్రామీ పురస్కారాలు అందుకుంది. తమ ఊరి చెడ్డను చెప్పిన పాటను న్యూయార్క్‌వాళ్లు తప్పు పట్టలేదు, నెత్తిన పెట్టుకున్నారు.

మన నగరాల మీద పాటలు రాయించే పెద్దలకు నా మనవి ఇదే. కవికి జాబితా ఇచ్చేముందు నాలుగు రోజులు ఊళ్లో తిరగనివ్వండి. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలం, వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి ఘాటుకు దగ్గుతూ బస్తాలు మోసే హమాలీ, హైదరాబాద్ బస్తీల్లో నీళ్ల ట్యాంకర్ కోసం నిలబడ్డ బిందెల వరస పాటలోకి రానివ్వండి. వాటివల్ల ఊరి పరువేమీ పోదు. ఆ మనుషులు తమను తాము అందులో విన్నప్పుడే అది ఊరి పాట అవుతుంది.