విధికి రెండర్థాలు

విధి అనే మాటకు మన భాషలో రెండర్థాలున్నాయి. నుదుటి రాత ఒకటి, చేయవలసిన పని ఇంకొకటి. రోగిని చూడడం మా విధి. ఆ రోగి పోతే, అదీ విధే. అస్తిత్వవాదుల పుస్తకాలు ఇంగ్లీషులో చదివినప్పుడు ఈ సదుపాయం లేదు. అందుకే కాబోలు, విధిని ప్రేమించాలని 1882లో నీషే అన్నది మాకు చాలాకాలం కొండమీద ఒంటరిగా నిలబడ్డవాడి గొప్పలాగే వినిపించింది.

ఆ అభిప్రాయం మారింది ఇద్దరు డాక్టర్ల వల్ల, ఇద్దరూ కల్పితులే. ఒకరు ఆల్బేర్ కామూ 1947లో ప్రచురించిన 'ప్లేగు' నవలలోని రియూ. రెండోవారు మనవారే, బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'లోని దయానిధి. ఆ నవల కూడా 1946-47లోనే 'ఏకాంతం' అనే పేరుతో పత్రికలో వచ్చింది. (కామూ తనను అస్తిత్వవాది అనవద్దని మొత్తుకున్నాడు. ఎవరు వింటారు!)

ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చదివితే ముందుగా కనబడేది వాళ్ళ తల్లులు. దయానిధి తల్లి పోయాక కూడా లోకం ఆమె మీద వేసిన నింద కొడుకు వెంటపడుతుంది. ఊరు మార్చి రాయలసీమ వెళ్ళినా వదలదు. అతనికి విధి అంటే అదే. దాన్ని గుండెల్లో పెట్టుకుని, తారసపడిన ప్రతి మనిషిలోనూ తనకు ప్రేమ దొరుకుతుందా అని వెతుకుతాడు. రోగుల నాడి చూడవలసినవాడు తన నాడి మీదినుంచి వేలు తీయడు. రియూ తల్లి కొడుకింటికి వచ్చి ఇల్లు చూసుకుంటుంది, ఖాళీ దొరికితే కిటికీ దగ్గర కూర్చుంటుంది. మాట తక్కువ. కామూ కన్నతల్లి కూడా అంతే, చదువు రాదు, చెవులు సరిగా వినపడవు. రియూ ఆమెను ఏమీ అడగడు.

నుదుటి రాత అనే అర్థంలో రియూ విధిని ఒప్పుకోడు. న్యాయాధికారి కొడుకు, పసివాడు, చనిపోయినప్పుడు పాదిరీ మీద విరుచుకుపడతాడు. అతను ఒప్పుకున్నది ఒరాన్ పట్టణాన్ని, అందులో తన పనిని. పారిపోయే ఏర్పాట్లన్నీ చేసుకున్న పత్రికా విలేకరి రాంబేర్ ఆఖరు క్షణంలో ఉండిపోవడం, రియూ, తరూ ఒక రాత్రి సముద్రంలో ఈదడం, నవలలోని తత్త్వమంతా మాకు ఈ రెండు చోట్లే దొరికింది. ఆ ఈతలో చర్చ లేదు. ఒకే ఊపున చేతులు వేస్తారు, అంతే. ప్లేగు తగ్గుముఖం పట్టాక తరూ అదే జబ్బుతో రియూ ఇంట్లో, తల్లీకొడుకులు కనిపెట్టుకుని ఉండగా పోతాడు. మందు పనిచేయని రాత్రి మంచం పక్కన కూర్చోవడం కూడా వైద్యమేనని కాలేజీలో మాకెవరూ చెప్పలేదు.

ఇక మా ఫిర్యాదు. రియూ భార్య నవల మొదట్లోనే జబ్బుతో దూరాన శానిటోరియానికి వెళ్ళిపోతుంది. ఆమెకు పేరు కూడా లేదు. చివర్లో ఆమె పోయిందని తంతి వస్తే రియూ శాంతంగా అందుకుంటాడు. కాలేజీ రోజుల్లో ఆ నిబ్బరానికి మురిసిపోయాం. మూడేళ్ళ క్రితం రాత్రి డ్యూటీలో ఉండగా, మా అమ్మ పోయిందని ఊరినుంచి ఫోను వచ్చింది. ఇంకా నలుగురు రోగులున్నారు. నలుగురినీ చూశాం. నర్సు మెచ్చుకుంది కూడా. అది నిబ్బరం కాదు, పని వెనక దాక్కున్నాం. విధికి రెండో అర్థం అందుకూ పనికొస్తుంది. ఎదుటి రోగితో కలిగిన అనుబంధం దూరాన ఉన్న మనిషికి బదులు రాదు. కామూ ఈ లెక్క చూడలేదు. ఒరాన్‌లో అరబ్బులు ఉంటారన్న సంగతే ఆ నవలకు పెద్దగా పట్టలేదు, భార్య ఏపాటి!

ఇక్కడ బుచ్చిబాబు మెరుగు. దయానిధి ఏ బంధాన్నీ సరిగా నిలుపుకోలేకపోవచ్చు. కాని కోమలి, అమృతం దూరమై తంతిగా తిరిగివచ్చే మనుషులు కారు. ఎదుట నిలబడి మాట్లాడతారు, అతన్ని కలవరపెడతారు. చివరికి అతను తనతో తాను సమాధానపడినప్పుడు పక్కన కోమలి ఉంది కనుక మేము నమ్మాం. రియూ శాంతం ఇప్పటికీ నమ్మకం కలిగించదు. అయినా పోయినవారం రాత్రి నిద్రపట్టక తెరిచింది 'ప్లేగు'నే, ఆ సముద్రపు ఈత దగ్గర.