పుట్టినవాళ్లు, వచ్చినవాళ్లు

ఎర్రకోట మీద నుంచి ప్రధాని మోదీ ఆరేళ్ల తేడాతో చేసిన రెండు ప్రసంగాలను పక్కపక్కన పెట్టి చదవాలి. 2019 ఆగస్టు 15న జనాభా విస్ఫోటనం గురించి హెచ్చరించారు, చిన్న కుటుంబమూ దేశభక్తేనన్నారు. 2025 ఆగస్టు 15న చొరబాటుదారులు యువత ఉపాధిని లాక్కుంటున్నారని, జనాభా స్వరూపమే మారిపోతోందని చెప్పి ఒక మిషన్ ప్రకటించారు. మొదటిది కాన్పుల గురించి, రెండోది సరిహద్దు గురించి. రెంటినీ కలిపిన పని 2024లోనే జరిగింది. ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్‌లో జనాభా వేగంగా పెరగడమూ, జనాభా స్వరూపం మారడమూ ఒకే కమిటీ కిందికి వచ్చాయి. ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా ఎన్నికల సభలో మోదీ నోట ఎక్కువమందిని కనేవాళ్లూ చొరబాటుదారులూ ఒక జాబితాలో చేరారు.

చొరబాటు అసలే లేదని కాదు, అది వేరే లెక్క. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశపు సంతాన రేటు 2.0కి దిగింది, తెలంగాణలో 1.8. విస్ఫోటనం అన్న మాట ఇక నిలవదు. అందుకే భయాన్ని కాన్పుల నుంచి సరిహద్దుకు మళ్లించారని నేననుకుంటాను.

దక్షిణాది నేతల మాట వేరు. చంద్రబాబు 2024 అక్టోబరులో ఎక్కువమంది పిల్లల్ని కనమన్నారు. 2025 మార్చి 22న నియోజకవర్గాల పునర్విభజనపై జరిగిన చెన్నై సమావేశంలో రేవంత్‌రెడ్డి, కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలకు లోక్‌సభ సీట్లు తగ్గించడం అన్యాయమన్నారు. ఇందులో ఎవరి మీదా ద్వేషం లేదు. ఆ తేడా చిన్నది కాదు, రేవంత్ వాదనలో న్యాయమూ ఉంది. కానీ అదీ కాన్పుల లెక్క దగ్గరే ఆగింది, వలసల దాకా రాలేదు. ఆయన సొంతూరు కొండారెడ్డిపల్లి వలసల జిల్లా నాగర్‌కర్నూల్‌లోదే కనుక ఈ లోటు నన్ను మరింత బాధిస్తుంది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, పిల్లల్ని ముసలివాళ్లకు అప్పజెప్పి ముంబై, పుణె పోవడం తరాలుగా ఉన్నదే. దేశంలో ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోసింది ఈ పాలమూరు జిల్లాల లేబరే. రాబోయే జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. లెక్కల రోజులన్నీ ఊరికి దూరంగా ఉన్న కూలీ ఉన్నచోటే లెక్కకెక్కుతాడు. ఇక్కడ ఒక తల తగ్గుతుంది, అక్కడ ఒకటి పెరుగుతుంది. దీనికీ కాన్పులకూ సంబంధం లేదు. 1960లలో బొంబాయిలో దక్షిణాదివాళ్లు ఉద్యోగాలు లాక్కుంటున్నారని శివసేన రేపిన కోపమూ, 2025 ఎర్రకోట మాటా ఒక్కలాగే వినిపిస్తాయి. ఒకప్పుడు ఆ వేలు మన వైపే చూపింది.

ఇప్పుడు మన దగ్గరికీ కూలీలు వస్తున్నారు. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. నలుగురిది జార్ఖండ్, ఇద్దరిది ఉత్తరప్రదేశ్, మిగతా ఇద్దరిలో ఒకరిది పంజాబ్, ఒకరిది జమ్మూకశ్మీర్. తెలంగాణ మనిషి ఒక్కరూ లేరు. మన పొలాలకు నీళ్లు తేవడానికి వచ్చి ప్రాణాలు పోగొట్టుకున్నారు. పైన చెప్పిన ఏ ప్రసంగంలోనూ వీళ్లకు చోటు లేదు. చొరబాటుదారులు కారు, ఎక్కువ కాన్పుల ఫలితమూ కారు.

2011 జనగణన ఫారంలో ఎంతమంది పుట్టారన్నది ఒక ప్రశ్న, ఎక్కడి నుంచి, ఎందుకు వచ్చారన్నవి వేరే ప్రశ్నలు. ఎన్యూమరేటర్ విడిగా రాసుకున్నదాన్ని నాయకులు కలిపేస్తే, పత్రికలు అలాగే అచ్చు వేస్తున్నాయి. మన జిల్లాల విలేకరులకు నా విన్నపం ఒకటే: జనాభా పెరిగిందని ఏ నాయకుడన్నా, పుట్టినవాళ్లెందరు, వచ్చినవాళ్లెందరు, పోయినవాళ్లెందరని అడిగాకే వార్త రాయండి.