తెల్లవారని కీర్తన

ఏడుపుతో మొదలైన కీర్తనలు బైబిలులో చాలా ఉన్నాయి. దాదాపు అన్నీ చివరికి స్తుతిలోకో, కృతజ్ఞతలోకో, కనీసం ఎదురుచూపులోకో ఒడ్డెక్కుతాయి. 88వ కీర్తన ఎక్కదు. ఎజ్రాహీయుడైన హేమాను పేరున్న ఈ పద్దెనిమిది వచనాల్లో, మొదటి వచనంలో దేవుణ్ణి తన రక్షణకర్త అని పిలవడం ఒక్కటే వెలుగు. ఆ తర్వాత ఇక దీపం లేదు. స్నేహితులు దూరమై, చీకటి ఒక్కటే చుట్టమై మిగిలాక కీర్తన ఆగిపోతుంది.

ఉత్తర అండమాన్‌లో, డిగ్లీపూర్ దగ్గర ఏరియల్ బే ఒడ్డున దీన్ని పైకి చదివితే ఏడో వచనమూ పదిహేడో వచనమూ ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. ముందు దేవుడి అలలు మీద పడతాయి. తర్వాత నీళ్లు రోజంతా నాలుగు వైపులా కమ్ముకుని వదలవు. వచ్చిపోయే అలను పది వచనాలు గడిచేసరికి పోని నీరుగా మార్చాడు కవి. ఎంత పెద్ద పనితనం! ద్వీపంలో బతికేవాళ్లకి ఆ తేడా విడమరచి చెప్పనక్కర్లేదు. 2004 డిసెంబరు 26 ఆదివారం, క్రిస్మస్ మర్నాడు. ఆ పొద్దుటి భూకంపానికి ఉత్తర అండమాన్ తీరంలో నేల పైకి లేచి, పగడపు దిబ్బలు నీటి బయటపడి చచ్చిపోయాయి. నికోబార్‌లో నేల కుంగింది, సునామీ ఊళ్లను ఊడ్చుకుపోయింది. కార్ నికోబార్‌లో ఎక్కువమంది క్రైస్తవులే; ఆదివారం పొద్దున వాళ్లకి ప్రార్థన వేళ. కీర్తనకారుడు కూడా పొద్దున్నే లేచి ప్రార్థిస్తాడు, పదమూడో వచనంలో. జవాబు రాదు.

కానీ ఈ కీర్తన గుండెకాయ పది నుంచి పన్నెండు వచనాల్లో ఉంది. చచ్చినవాళ్లకి నీ అద్భుతాలెందుకు, గోతిలో నీ కృపను ఎవరు చెప్పుకుంటారు, అంతా మరుపైపోయే చోట నీ నీతి ఎవరికి తెలుస్తుంది అని ఊపిరి తిప్పుకోకుండా నిలదీస్తాడు. ఆ ప్రశ్నల అల్లిక చూడండి. ప్రతిదాంట్లో ఒక వైపు సమాధి, అగాధం, చీకటి, మరుపు. రెండో వైపు అద్భుతం, కృప, విశ్వాస్యత, నీతి. ఫిర్యాదు చేస్తున్నాననుకుంటూనే దేవుడి గుణాలన్నీ వరసగా స్మరించేశాడు! నిందలోనే స్తోత్రం పూర్తయిపోయింది. ఇక విడిగా స్తుతి వచనం ఎందుకు?

మనకిది కొత్తేమీ కాదు. గోల్కొండ చెరలో రామదాసు, అంటే కంచెర్ల గోపన్న, రాముడికి చేయించిన నగలు ఒక్కొక్కటే లెక్క చెప్పి నిలదీశాడు. అయితే రామదాసు దెబ్బలకు ఓర్వలేక తిట్టానని వెంటనే బతిమాలుకుంటాడు, ఆ బతిమాలడంలో మన మనసు చల్లబడుతుంది. హేమాను ఆ చల్లదనం కూడా ఇవ్వడు. గోతిలో పడేసింది నువ్వే, నావాళ్లను దూరం చేసింది నువ్వే అంటాడు. ఒక్కసారి కూడా పక్కకు తిరిగి లోకంతో, ఆయన నన్నిలా చేశాడని చెప్పడు. మాటంతా ముఖాముఖి. సంస్కృత కవి భవభూతి కరుణనే మూలరసం అన్నాడు; ఈ కరుణలో కన్నీళ్ల కంటే ఆ ముఖాముఖి నిలబడటమే నన్ను ఎక్కువ కదిలిస్తుంది.

అందుకే దీన్ని చదివిన వెంటనే ప్రసంగీకులు ఓదార్పు తగిలించడం నాకు నచ్చదు. పేజీ తిప్పితే 89వ కీర్తన కృపను పాడుతూ మొదలవుతుంది కాబట్టి అక్కడికి పరుగెడతారు. ఆ కీర్తన చివర్లోనూ ఎంతకాలం దాక్కుంటావని దేవుణ్ణి అడగడమే ఉందని గమనించరు. సంఘంలో ఒక ఆదివారం 88ని నెమ్మదిగా, ఆ ప్రశ్నల దగ్గర గొంతు తగ్గించకుండా చదివి, వ్యాఖ్యానం లేకుండా కూర్చోవాలి. అయినవాళ్లను సముద్రానికి పోగొట్టుకున్నవాళ్లు ఆ వరసలో ఎవరైనా ఉంటే, తమ మాట గ్రంథంలో ముందే రాసి ఉందని వాళ్లకై వాళ్లు వింటారు.