మారు నిబంధనలు, కంప్యూటరు లెక్కలు

చట్టము ఒకసారి చేసిన పిమ్మట అట్లే ఉండిపోదు. దాని క్రింద నియమములు, నియమముల క్రింద ఉత్తరువులు, ఉత్తరువులకు సవరణలు వచ్చుచునే ఉండును. బ్యాంకులు, మందుల కర్మాగారములు, ఎగుమతి వ్యాపారులు ఈ మార్పులను కనిపెట్టుకొని ఉండుటకు ప్రత్యేకమైన సాఫ్ట్‌వేర్ సాధనములను కొనుచున్నారు. ఏ ఉత్తరువు వచ్చినది, ఏ తేదీనుండి అమలు, దానివలన ఏ పని మారవలెను, ఆ పని ఎవరు చేసిరి – ఈ సంగతులను మరువకుండ ఉంచుటయే వాని పని. ఇది పట్టణపు కార్యాలయముల గొడవ అని తోచవచ్చును. కాని తెలుగునాట ఇట్టి సాధనము అసలు పరీక్షకు నిలిచినది అనంతపురము మెట్టలలో, పలుగు పార పట్టిన కూలీల వేతనముల విషయమున.

ఈ పీఠభూమి పడమటి కనుమల చాటున ఉన్నది. తూర్పు తీరమునకు దూరము. అందుచే నైఋతి ఋతుపవనము ఇచటికి తడి ఆరిపోయి వచ్చును, ఈశాన్య ఋతుపవనము అలసిపోయి వచ్చును. సాలునకు సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు. అదియు వేరుసెనగ ఊడలు దిగు వేళకు కురియునన్న నమ్మకము లేదు. పంట పోయిన ఏట కూలిపనియే ఆధారము. 2005లో పార్లమెంటు చేసిన జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టమును అమలులో పెట్టుటకు ఈ జిల్లాలోని నార్పల మండలము బండ్లపల్లి గ్రామమును ఎన్నుకొనుటకు కారణమిదియే. 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ అచట పథకమును ప్రారంభించిరి. తొలివిడతలో దేశమున 200 జిల్లాలకు, 2008 ఏప్రిలు నాటికి గ్రామీణ జిల్లాలన్నిటికి అది వ్యాపించినది. కుటుంబమునకు ఏటికి 100 దినముల పని, అడిగిన 15 దినములలో పని చూపుట, చూపనిచో నిరుద్యోగ భృతి, పని ముగిసిన 15 దినములలో వేతనము – ఇవి దానిలోని ముఖ్యమైన మాటలు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆరంభమునుండియు ఈ లెక్కలను కంప్యూటరునకు అప్పగించినది. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ వారు సాఫ్ట్‌వేర్ తయారుచేసిరి. జాబుకార్డు, మస్టరు, పని కొలత – అన్నియు మండల కేంద్రములో నమోదు కావలెను. నమోదు కానిదే చెల్లింపు ఉత్తరువు వెలువడదు. వేతనము గుత్తేదారు నోటిమాటపైగాక, త్రవ్విన మన్నుయొక్క కొలతపై ఆధారపడును. ఆ లెక్కలను ఎవరైనను చూచుటకు వీలుగా వెబ్‌సైటులో ఉంచిరి. కరువుపనుల మస్టర్లలో చచ్చినవారి పేర్లు కూడ కూలి తీసికొనిన కాలము ఎరిగిన ఊళ్లలో ఇది చిన్న మేలు కాదు. ఈ సాధనమును విమర్శించువారు మొదట దీనిని ఒప్పుకొనవలెను.

ఇక నిబంధన మారినప్పుడు ఏమగును? ఈ పథకపు దినవేతనమును కేంద్ర ప్రభుత్వము సాధారణముగా ఏటేట ప్రకటించి, ఏప్రిలు 1నుండి అమలు జరిపినది. ఆంధ్రప్రదేశ్‌లో 2006లో 80 రూపాయలుండిన వేతనము 2023–24లో 272, 2024–25లో 300, 2025–26లో 307 రూపాయలు. ఒక కూలీ 2024 మార్చి చివర మూడు దినములు, ఏప్రిలు మొదట మూడు దినములు పూర్తి కొలతకు పని చేసెననుకొందము. న్యాయముగా రావలసినది 816, 900 కలిపి 1,716 రూపాయలు. కంప్యూటరు పాత ధరనే పట్టుకొన్నచో 1,632, ఆరు దినములకు కొత్త ధర వేసినచో 1,800 వచ్చును. 272 అను అంకెను చెరిపి 300 అని వ్రాసిన మాత్రమున మంచి సాఫ్ట్‌వేర్ కాజాలదు. పాత ధర ఏ తేదీవరకు, కొత్త ధర ఏ తేదీనుండి, ఏ ఉత్తరువు ప్రకారము అను మూడును ప్రక్కప్రక్కన నిలువవలెను. చెరుపుట కాదు, చేర్చుట – ఈ శాస్త్రములో మొదటి పాఠము ఇదియే. ఉపాధ్యాయులు ఈ లెక్కను తరగతిలో నల్లబల్లపై వేసి చూపవచ్చును.

కరువు వచ్చినచో చిక్కు ఇంకను పెరుగును. కరువు మండలముగా ప్రకటించిన చోట 100 దినములకు మరి 50 దినములు చేర్చుటకు వీలుండినది. అనగా ఒకే ఏట, పొరుగుపొరుగు మండలములలో పరిమితి వేరు. కరువును నిర్ణయించు కొలబద్దలు సైతము మారినవి. 2009లో కేంద్రము వెలువరించిన కరువు మార్గదర్శిని 2016 డిసెంబరులో సవరింపబడినది. పైగా 2022 ఏప్రిలు 4న జిల్లాయే రెండైనది. పెనుకొండ, కదిరి, హిందూపురము, ధర్మవరము శ్రీ సత్యసాయి జిల్లాలోనికి పోయినవి. ఊరు కదలలేదు, చిరునామా మారినది. 2021 నాటి బకాయిని ఏ జిల్లా పద్దులో వెదకవలెనో కంప్యూటరునకు తేదీతోసహా చెప్పియుండవలెను.

ఇంతవరకు చెప్పినవి నేర్పుతో సరిదిద్దగల సంగతులు. అసలు దోషము వేరొకచోట ఉన్నది. వేతనము ఆలస్యమైనచో పరిహారము ఈయవలెనని చట్టము మొదటినుండి చెప్పినది. తొలుత అది 1936 నాటి వేతనముల చెల్లింపు చట్టము ప్రకారముండినది. 2014లో షెడ్యూలును మార్చి, మస్టరు ముగిసిన పదునారవ దినము దాటిన పిమ్మట దినమునకు 0.05 శాతము అనిరి. 1,800 రూపాయలకు ఇది రోజునకు 90 పైసలు. ఈ లెక్క కంప్యూటరే తనంతట తాను వేయునని చెప్పిరి. కాని కేంద్రపు సాఫ్ట్‌వేర్‌లోని గడియారము నిధుల బదిలీ ఉత్తరువు సిద్ధమగుటతో ఆగిపోయెడిది. ఆ తరువాత సొమ్ము కేంద్ర ఖజానానుండి కూలీ ఖాతాకు చేరుటకు పట్టిన కాలము లెక్కకు రాలేదు. ఉత్తరువు పదునాలుగవ దినమున సిద్ధమై, సొమ్ము నలుబదియారవ దినమున చేరినచో, నియమము ప్రకారము 30 దినములకు 27 రూపాయలు రావలెను. కంప్యూటరు చూపు ఆలస్యము సున్న!

ఇరువదియేడు రూపాయలేగదా అనుకొనరాదు. పరుగుపందెములో గమ్యమునకు ముందే గడియారము ఆపి, పరుగెత్తినవాడు వేగముగా వచ్చెనని వ్రాసికొనుట వంటిది ఇది. పైఅధికారికి చేరు పట్టికలో సకాల చెల్లింపు నూటికి తొంబదికి పైగా కనబడవచ్చును; కిరాణా అంగడిలో అప్పు మాత్రము పెరుగుచుండును. సుప్రీంకోర్టు స్వరాజ్ అభియాన్ వ్యాజ్యములో 2018 మే 18న ఇచ్చిన తీర్పులో, సొమ్ము కూలీకి చేరువరకు జరిగిన ఆలస్యమునకు పరిహారమీయక తప్పదనియు, కేంద్రము తన భాగమును తప్పించుకొనరాదనియు చెప్పినది. అది కంప్యూటరు చేసిన పొరపాటు కాదు. ఏది ఆలస్యమో నిర్ణయించి దానికి చెప్పినవారి నిర్ణయము.

ఇదే సాధనము కూలీ విషయమున ఎంత నిక్కచ్చిగా ఉన్నదో చూడుడు. 2023 జనవరి 1నుండి, వ్యక్తిగత లబ్ధిదారుల పనులు తప్ప తక్కిన పనిచోటులలో దినమునకు రెండుసార్లు, స్థలము గుర్తు పడునట్లు, సెల్‌ఫోనులో ఫోటో తీసి హాజరు పంపుట తప్పనిసరి అయినది. 2024 జనవరి 1నుండి ఆధారు ముడిపడిన చెల్లింపే తప్పనిసరి అయినది. పేరులో ఒక అక్షరము తేడా వచ్చినను కూలి ఆగవచ్చును. ఇంత కట్టుదిట్టములోను, ఫోటోకు ఫోటో తీసి పంపుట, పనికి సంబంధము లేని చిత్రములు పంపుట జరుగుచున్నవని గ్రామీణాభివృద్ధి మంత్రిత్వశాఖయే 2025 జూలైలో ఒప్పుకొని హెచ్చరించినది. క్రిందివాడు నిబంధన పాటించెనా అని నిముషములతోసహా కొలుచు సాధనము, పైవాడు పాటించెనా అను ప్రశ్న వచ్చుసరికి కండ్లు మూసికొన్నది. నిబంధనల పాలనను చూచు సాఫ్ట్‌వేర్‌కు ఇంతకన్న పెద్ద లోపముండదు.

అనంతపురములోనే దీనికి విరుగుడు కూడ తలయెత్తినది. 2006లోనే ఇచట ఊరూర సామాజిక తనిఖీ జరిగినది. 2009లో రాష్ట్రమున అందులకై ప్రత్యేక సంస్థ ఏర్పడినది. పద్ధతి సులభము. కంప్యూటరు లెక్కను అచ్చుతీసి ఊరిలోనికి తెచ్చుట, ఇంటింట జాబుకార్డుతో సరిచూచుట, కందకము దగ్గర టేపు పట్టి కొలుచుట, ఆపై గ్రామసభలో బిగ్గరగా చదువుట. ఎంత గొప్ప సాఫ్ట్‌వేర్ అయినను గుంట లోతును తానుగా చూడజాలదు. అవ్వ ఆ దినము పనికి పోలేదని పొరుగింటి పిల్లవానికి తెలిసినది దానికి తెలియదు. అయితే తనిఖీదారుకు కూడ ఒక ఆటంకమున్నది. మస్టరు వరుసలో పేరు, దినములు, రొక్కము కనబడును. ఆ రొక్కమును ఏ తేదీనాటి ఏ ఉత్తరువు ప్రకారము లెక్కించిరో ఆ వరుసలో కనబడదు. అది కూడ అచ్చయిననాడు ఏడవ తరగతి చదివిన కూలీ బిడ్డయైనను లెక్క సరిచూడగలడు. దీనికి కొత్త యంత్రములు అక్కరలేదు. పట్టికలో మరి రెండు గడులు చాలును.

ఈ పని ఆలస్యము కారాదనుటకు ఒక కారణమున్నది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ చట్టము స్థానమున మరియొక చట్టమును ఆమోదించినది. అందులో 100 దినములకు బదులు 125 దినములు. సేద్యపు పనులు ముమ్మరముగా సాగు కాలమున ఏటికి 60 దినముల వరకు పథకపు పనులను నిలుపవచ్చును. వేరుసెనగ విత్తునప్పుడు చేలలో కూలీలు దొరకవలెనన్నది దీని ఉద్దేశము. వాన రాక విత్తనమే పడని ఏట ఆ దినముల గతి ఏమో అనంతపురము రైతుకూలీ మొదట అడుగు ప్రశ్న. పాత చట్టము క్రింది బకాయిలు, పరిహారములు పాత నిబంధనలతోనే తేలవలెను; కొత్త పనులు కొత్తవానితో. పాత నియమమును చెరిపి దానిపై కొత్తది వ్రాసినచో, బండ్లపల్లిలో పాత మస్టరు చేతపట్టుకొని వచ్చినవానికి చూపుటకు ఏ లెక్కయు మిగులదు.