కంపైలర్ పాఠంలో పాణిని, ఛందస్సు: ఒక విమర్శ

కీలకపదాలు: రూపాత్మక వ్యాకరణం, కంపైలర్, పాణిని, బేకస్–నౌర్ రూపం, గణవిభజన, సందిగ్ధత, బోధన

ప్రవేశిక

కంప్యూటర్ సైన్సు విద్యార్థులు చదివే ఆటోమాటా సిద్ధాంతం, కంపైలర్ నిర్మాణం అనే పాఠ్యాంశాల్లో భాషాపరమైన మాటలు అడుగడుగునా ఎదురవుతాయి. వ్యాకరణం, వాక్యం, పదం, సందిగ్ధత అన్నీ అక్కడ పరిభాషలే. అయినా ఆ తరగతి గదిలోకి మన భాషాధ్యయన సంప్రదాయం సాధారణంగా ఒకే ఒక వాక్యంగా ప్రవేశిస్తుంది: ఇదంతా పాణిని ఎప్పుడో చెప్పాడు. దానికి తోడుగా, కంప్యూటర్‌కు తగిన భాష సంస్కృతమే అన్న మాట వస్తుంది. ఒక ఇంజనీరింగ్ కళాశాల నన్ను ప్రసంగానికి ఆహ్వానించి, ఈ రెండో మాటనే శీర్షికగా ముందే అచ్చు వేయించింది. ఆ శీర్షికకు నేను న్యాయం చేయలేకపోయాను. చేయలేకపోవడానికి కారణాలు ఈ వ్యాసానికి మూలం.

2021–22 విద్యా సంవత్సరం నుంచి అఖిల భారత సాంకేతిక విద్యామండలి తెలుగు సహా పలు ప్రాంతీయ భాషల్లో ఇంజనీరింగ్ బోధనకు అవకాశం కల్పించింది. అందువల్ల ఈ పాఠాన్ని తెలుగులో ఎలా చెప్పాలన్నది ఊహాజనితమైన ప్రశ్న కాదు. పరిభాషను మాత్రం అనువదించి, ఉదాహరణలను ఆంగ్ల గ్రంథాల నుంచి తెచ్చుకుంటే విద్యార్థికి ఒరిగేది స్వల్పం.

పాణిని–బేకస్ పోలిక

జాన్ బేకస్ 1959లో ప్రతిపాదించిన సంకేత పద్ధతిని పీటర్ నౌర్ సంపాదకత్వంలో వెలువడిన ఆల్గాల్ 60 నివేదిక స్థిరపరిచింది. దానిని బేకస్–నౌర్ రూపమని పిలవాలని డొనాల్డ్ నూత్ 1964లో సూచించాడు. పీటర్ ఇంగర్మన్ 1967లో ఒక చిన్న లేఖ రాస్తూ పాణిని–బేకస్ రూపమన్న పేరును ప్రతిపాదించాడు. మన ఉపన్యాసాల్లో వినిపించే పోలికకు ఆధారం చాలావరకు ఈ లేఖే. గౌరవసూచకంగా అది సముచితమే. బోధనలో మాత్రం అది హాని చేస్తుందని నా అభిప్రాయం.

బేకస్ పద్ధతిలో నియమానికి ఎడమవైపు ఒకే ఒక సంకేతం ఉంటుంది. దాని చుట్టూ ఏమున్నా, ఆ సంకేతాన్ని కుడివైపు ఉన్న రూపంతో మార్చవచ్చు. దీనినే సందర్భనిరపేక్షత అంటారు. పాణిని యణాదేశ విధానం ఇందుకు భిన్నం: ఇకారాదుల స్థానంలో యకారాదులు రావాలంటే పరంగా అచ్చు ఉండాలి. స్థానికి షష్ఠి, ఆదేశానికి ప్రథమ, పరనిమిత్తానికి సప్తమి, పూర్వనిమిత్తానికి పంచమి అని విభక్తులనే సంకేతాలుగా వాడుకోవడం అష్టాధ్యాయి ప్రతిభ. ఆ ప్రతిభ అంతా సందర్భాన్ని చెప్పడంలోనే ఉంది. చామ్‌స్కీ 1956లో చేసిన వర్గీకరణలో విద్యార్థి గుర్తించవలసిన ప్రధాన భేదం సరిగ్గా ఇదే. పాణినినీ బేకస్‌నూ ఒకటిగా చూపినప్పుడు ఆ భేదమే చెరిగిపోతుంది. పాణినిని పొగిడినట్లే ఉంటుంది గాని, ఆయన చేసిన పని కనబడదు.

ఇక రిక్ బ్రిగ్స్ 1985 నాటి వ్యాసం. అది శాబ్దబోధ ప్రక్రియకూ కృత్రిమ మేధలోని జ్ఞాన నిరూపణకూ ఉన్న సామ్యాన్ని చర్చించింది. కంపైలర్ విషయంలో దానిని ప్రమాణంగా చూపడం అసందర్భం.

గణవిభజన: చేతిలో ఉన్న ఉదాహరణ

తెలుగు మాధ్యమంలోనో, తెలుగు ప్రథమ భాషగానో చదివిన విద్యార్థి ఉన్నత పాఠశాలలోనే గురులఘువులను గుర్తించి గణవిభజన చేసి ఉంటాడు. ఆ పని కంపైలర్ మొదటి రెండు దశలకు ఎంత దగ్గరగా ఉందో మనం చెప్పలేదు.

‘సత్యము’ అన్న పదంలో సకారం హ్రస్వమే అయినా, పరంగా సంయుక్తాక్షరం ఉండటం వల్ల గురువయింది. అంటే ఒక అక్షరాన్ని నిర్ణయించడానికి తరువాతి అక్షరాన్ని చూడక తప్పదు. కంపైలర్ పాఠంలో ముందుచూపు అనేది ఇదే. ఇంకొక మెట్టు ఎక్కితే, ‘దేశప్రేమ’లో శకారం గురువు, ‘అతని ప్రేమ’లో నికారం లఘువు. మొదటిది సమాసం, రెండవది వేర్వేరు పదాలు. అక్షర స్థాయిలో తీసుకోవలసిన నిర్ణయం పద స్థాయి జ్ఞానం మీద ఆధారపడుతోంది. సి భాషలో కుండలీకరణాల్లో ఒక పేరు, ఆ తరువాత నక్షత్రం, ఆపై మరొక పేరు వచ్చినప్పుడు అది గుణకారమో, రూపమార్పిడో తేలాలంటే మొదటి పేరు చలరాశిదా, రకానిదా అన్నది ముందే తెలిసి ఉండాలి. చిక్కు అదే.

గణాల దగ్గర విషయం మరింత స్పష్టమవుతుంది. ఇంద్రగణాలు ఆరు: నల, నగ, సల, భ, ర, త. వీటిలో ఏ గణమూ మరొక గణానికి ఆదిభాగం కాదు. కనుక ఎడమ నుంచి చదువుతూ పోతే గణం ఎక్కడ ముగిసిందో అక్కడే తెలుస్తుంది. సూర్యగణాలైన న, హ లకూ ఇదే వర్తిస్తుంది. పరిమిత స్థితి యంత్రాన్ని బొమ్మగా గీయమంటే విద్యార్థులు ఈ రెండు పట్టికలతో నిమిషాల్లో గీశారు.

రెండు వర్గాలనూ కలిపితే చిక్కు వస్తుంది. ‘మాట వినుమని’ అన్నచోట ఒక గురువు, అయిదు లఘువులు ఉన్నాయి. దీనిని భగణం, నగణం అని విడదీయవచ్చు. హగణం, నలం అనీ విడదీయవచ్చు. రెండూ సాధువులే. తేటగీతి పాదం మొదట్లో సూర్యగణం, ఆపై ఇంద్రగణం ఉండాలి కాబట్టి అక్కడ రెండవ విభజనే చెల్లుతుంది. సీసపాదంలో ఆరవ, ఏడవ గణాలుగా వస్తే మొదటిదే చెల్లుతుంది. సందిగ్ధత అంటే ఏమిటో, దానిని వ్యాకరణం ఎలా తొలగిస్తుందో ఇంతకంటే పొదుపుగా చెప్పగల ఉదాహరణ ఆంగ్ల పాఠ్యగ్రంథాల్లో నాకు కనిపించలేదు. ‘ఎల్స్’ ఏ ‘ఇఫ్’కు చెందుతుందన్న ప్రసిద్ధ ప్రశ్న దీని తరువాత వస్తే సులభంగా అర్థమవుతుంది.

కందంలో ప్రాస గణాలకు సంబంధించినది కాదు. మొదటి పాదంలో రెండవ హల్లు ఏదో గుర్తుపెట్టుకొని, తక్కిన మూడు పాదాల్లో అదే ఉందో లేదో సరిచూడాలి. చలరాశిని ముందుగా ప్రకటించారా లేదా అని కంపైలర్ తన నామపట్టికలో వెతకడం ఇలాంటిదే. పాదాలు నాలుగే, హల్లులు పరిమితమే కనుక సిద్ధాంతపరంగా ప్రాసను కూడా పరిమిత స్థితి యంత్రంలో ఇమడ్చవచ్చు. స్థితుల సంఖ్య మాత్రం పెరిగిపోతుంది. ఈ మాట దాచకుండా చెప్పాలి. లేకపోతే పాణిని విషయంలో జరిగిన పొరపాటే ఛందస్సు విషయంలోనూ జరుగుతుంది.

ఛందస్సు చాలని చోటు

ఛందస్సులో అంతర్నివేశం లేదు. గణంలో మళ్లీ పాదం ఇమడదు. కుండలీకరణంలో కుండలీకరణం ఎంత లోతుకైనా వెళ్లగలిగే ప్రోగ్రామింగ్ భాషను వివరించడానికి ఛందస్సు పనికిరాదు. అక్కడ పద్యాన్ని వదిలి మామూలు వాక్యానికి రావాలి.

‘గోపి, సీత, రాము వచ్చాడని చెప్పిందని అన్నాడు.’ ఉచ్చారణలో విరామాలు సరిగా పాటిస్తే ఇది తెలుగు వాక్యమే. కర్తలు గోపి, సీత, రాము అన్న వరుసలో వచ్చారు. క్రియలు తిరగబడిన వరుసలో. చివర వచ్చిన రాముకు మొదటి క్రియ, మొదట వచ్చిన గోపికి చివరి క్రియ. లింగవచనాల పొందిక వల్ల ఈ జతలు పైకే కనిపిస్తాయి: మధ్యలో ‘చెప్పాడని’ అంటే సీత దగ్గర చెవికి తప్పు తెలుస్తుంది. ఒకదానిపై ఒకటి పేర్చి పైనుంచి తీసే దొంతి అవసరం ఇక్కడ పుడుతుంది. ఆంగ్లంలో భూతకాల క్రియకు లింగభేదం లేదు గనుక ఆ భాషా వాక్యం ఈ జతలను ఇలా చూపలేదు.

ఆ ప్రసంగంలో అచ్చువేసిన శీర్షికను పక్కనపెట్టి ఈ వాక్యాన్నే బల్లమీద రాశాను. నాలుగో కర్తను చేర్చితే అర్థమవుతుందా అని వెనుక వరుస నుంచి ఒక విద్యార్థిని అడిగింది. చేర్చి చదివాం. వ్యాకరణం ఒప్పుకుంది, చెవి ఒప్పుకోలేదు. వ్యాకరణం అనుమతించేదానికీ మనిషి జ్ఞాపకం మోయగలిగేదానికీ మధ్య తేడా గురించి మిగిలిన గంటంతా మాట్లాడుకున్నాం. పాణిని ప్రస్తావన ఆ రోజు ఒక్కసారే, యణాదేశం దగ్గర వచ్చింది.