కొమ్మ చివర నిద్ర

సీతాఫలాలు కోతకొచ్చే రోజుల్లో, పొద్దుగూకినాక టార్చిలైటు పట్టుకుని దేవరకొండ పక్క మా చెలక గట్ల వెంట తిరగడం కొన్నేళ్లుగా నా అలవాటు. వెతికేది ఊసరవెల్లిని. పగలు కళ్లెదుటే ఉన్నా ఆనదు. రాత్రి నిద్రలో దాని ఒళ్లు పాలిపోతుంది. లైటు పడగానే సన్నని కొమ్మ చివర, తోక చుట్టచుట్టుకుని, లేత ముద్దలా కనబడుతుంది. పాము పాకితే కొమ్మ ఊగుతుంది, మెలకువ వస్తుంది, అందుకే ఆ చివర పడక. చూసి వెంటనే లైటు ఆర్పేయాలి. ఈ పనిలో మొదట నేర్చుకోవలసింది అదే.

పగటి చూపుకు వేరే ఓపిక కావాలి. ఓసారి రేగుకంప మీద ఒకదాన్ని గంటసేపు చూశాను. ఒక కన్ను నా మీద, ఇంకో కన్ను మిడత మీద. అడుగేసే ముందు గాలికి ఆకు కదిలినట్టు ముందుకీ వెనక్కీ ఊగేది. రెండు వేళ్లు ఒకవైపు, మూడు ఒకవైపు, పట్టకారులా కొమ్మను పట్టేవి. ఉన్నట్టుండి రెండు కళ్లూ మిడత వైపే తిరిగాయి. ఒంటికన్నా పొడవైన నాలుక ఎప్పుడు వెళ్లిందో, ఎప్పుడు వచ్చిందో! నాకు మిగిలింది ఖాళీ ఆకు.

పార్టీ మారినవాణ్ని ఊసరవెల్లి అంటే నాకు బాధేస్తుంది. కూర్చున్న చోటును చూసి వేషం మార్చే జీవి కాదది. చలికి నల్లబడి ఎండ కాచుకుంటుంది. పగవాడు ఎదురైతే ముదురు మచ్చలు తేలతాయి. లోపలున్నది చర్మం మీద చెప్పేస్తుంది. చర్మంలోని సన్నని స్ఫటికాల మధ్య ఎడం మారితే రంగు మారుతుందని 2015లో జెనీవా శాస్త్రవేత్తలు ఒక మడగాస్కర్ జాతిలో చూపించారు. తొండ ముదిరినా ఊసరవెల్లి కాదు, రెండిటి కుటుంబాలే వేరు. 1972 వన్యప్రాణి చట్టం రక్షణ ఉన్నా, కనబడగానే రాయి తీసేవాళ్లున్నారు.

కిందటేడు వానలు తగ్గాక, మన్ననూరు దగ్గర శ్రీశైలం రోడ్డును ఒక ఆడ ఊసరవెల్లి దాటుతోంది. పొట్ట గుడ్లతో బరువెక్కి ఉంది. మట్టి తవ్వి గుడ్లు పెట్టాలంటే చెట్టు దిగక తప్పదు దానికి. బండి ఆపి ఎండుకట్టె అందించబోయాను.

“ముట్టకు సారూ, ఇసముంటది!” అని అరిచాడు ఒక మేకల కాపరి.

“విషం లేదు తాతా” అన్నాను. నమ్మలేదు. కానీ లారీ వస్తుంటే చేతికర్ర అడ్డంపెట్టి ఆపింది ఆయనే. అది నా కట్టెను ఒక్కో కాలితో పట్టుకుని ఎక్కేదాకా, తుప్పల్లో కలిసేదాకా, కర్ర దించలేదు.